రాజుగారి మొదటి ముద్ద

ముందే ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం పచ్చి నిజం. ఆవగింజంత అబద్ధం ఉన్నా నా నోట్లో మిగిలిన ఆ ఒక్క పన్నూ రాలి పప్పులో పడాలి. నమ్మేవాళ్ళు దగ్గరికి జరగండి. నమ్మనివాళ్ళు ఇంకాస్త దగ్గరికి జరగండి.

ఒకానొక రాజ్యంలో, కుందవరం అంటారు దాన్ని, గండభైరవ భూపాలుడనే రాజు ఉండేవాడు. ఆయనకు బిరుదులు ఎన్నంటే, వందిమాగధులు చదవడం మొదలుపెట్టేటప్పుడు తోడువేసిన పాలు, వాళ్ళు ముగించేసరికి పెరుగై, వెన్నై, నెయ్యై రాజుగారి పళ్ళెంలో పడేవి. ఆయన మీసాలు రెండూ రెండు వేరు వేరు గుమ్మాల్లోంచి కొలువులోకి వచ్చేవి.

ఆ కొలువులో ఓబన్న అని ఒక ఉద్యోగి. ఏం ఉద్యోగమయ్యా అంటే, తినడం! రాజుగారికి వడ్డించిన ప్రతి పదార్థంలోంచీ ముందు ఒక ముద్ద ఓబన్న తినాలి. తిని కాసేపు నిలబడాలి. నిలబడి ఉంటే రాజుగారు భోంచేస్తారు. పడిపోతే వంటవాడి తల తీయిస్తారు.

ఊళ్ళోవాళ్ళు "ఓబన్నదే రాజభోగం" అని కళ్ళలో నిప్పులు పోసుకునేవాళ్ళు. ఆ భోగం అతని ఒంటికి పడితే కదా! పాయసం తాగినా అతనికి వేపాకు కషాయమే. ముద్ద గొంతు దిగగానే తన నాడి తనే పట్టుకుని చూసుకునేవాడు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు భార్య మాచమ్మతో "వెళ్ళొస్తాను" అనే మాట సగంలోనే తడారిపోయేది. గుండె చూస్తే కుందేలుది. నాలుక మాత్రం తేలుకొండి.

ఇక ఆ రాజ్యంలో శాసనం పుట్టే పద్ధతి వినండి. తాతముత్తాతల నాటి ఏర్పాటది. కొత్త శాసనం ఏదైనా ముందు పెద్దల సభకు వెళ్ళాలి. ఊరూరి నుంచి వచ్చిన రైతులు, సాలెలు, కుమ్మరులు దాన్ని చింతపండు పిసికినట్టు పిసికి, పిక్కలూ ఈనెలూ ఏరిపారేసి, అప్పుడు సరే అనాలి. వాళ్ళు సరే అన్నాక రాజుగారు ముద్ర వేసి నడిపించాలి. నడిచాక ఎవరికైనా అన్యాయం జరిగిందనిపిస్తే, ధర్మాసనం మీది ముసలి న్యాయాధికారి మొర విని, చెల్లుతుందో చెల్లదో తేల్చాలి. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు. ఒకరి పని చూడకుండా ఒకరు ఊరుకోరు.

గండభైరవుడికి ఈ మూడు గుమ్మాల తిరుగుడు గిట్టలేదు. తన మీసాలకన్నా పొడుగు మీసం ఎవరూ పెంచరాదని ఒక శాసనం రాయించి సభకు పంపాడు. సభ ఆ మాట రాగులు చల్లిననాడు ఎత్తుకుని, పైరు ఎదిగి, కోసి, నూర్చి, సంగటి కెలుక్కుని తినేదాకా చర్చించి, "మీసం మొలిచినవాడి సొంత వ్యవహారం" అని తిప్పి పంపింది.

రాజుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. సభామందిరానికి తాళం వేయించాడు. ఊరికే ఉండటం ఎందుకని అందులో ఏనుగుల మేతకు గుమ్మడికాయలు నింపించాడు. ధర్మాసనం ముసలాయనకు శాలువా కప్పి, "తమరిక విశ్రాంతి తీసుకోండి" అని పల్లకీలో ఇంటికి తోలించాడు.

"ఇకమీదట శాసనం చేసేది నేనే, నడిపేది నేనే, తీర్పు చెప్పేదీ నేనే!" అన్నాడు.

"శాస్త్రసమ్మతం!" అన్నాడు మంత్రి సోమనార్యుడు. ఆయన రాజుగారు తుమ్మినా ఆ మాటే అంటాడు.

ఇలా ఉండగా ఒకనాడు రాజుగారు బారెడు పొద్దెక్కాక నిద్ర లేచి మేడ మీదికి వచ్చాడు. ఊళ్ళో ఎవరింట్లోనో ఇంగువ పోపు చిటపటలాడింది. ఆ ఘుమఘుమ గాలి మీద తేలి వచ్చి రాజుగారి ముక్కుకు తగిలింది. రాజుగారి కడుపు పులిలా గాండ్రించింది. అవతల రాజోద్యానంలో నెమళ్ళు బెదిరి ఎగిరిపోయాయట!

"నేను ఖాళీ కడుపుతో నిలబడితే వీళ్ళు పోపులు పెట్టుకుంటారా?" అని అక్కడికక్కడే శాసనం చేసేశాడు. రాజుగారు మొదటి ముద్ద మింగేదాకా రాజ్యంలో ఏ ఇంటా పొయ్యి వెలగరాదు, ఏ నోటా ముద్ద దిగరాదు. తప్పినవాళ్ళను పొలిమేర దాటించి అడవిలో వదిలేస్తారు.

మధ్యాహ్నం దాటితే గాని రాజుగారి భోజనం కాదు. అదీ బిరుదులన్నీ చదివాకే. జనం కడుపుల్లో కాళ్ళు పెట్టుకుని ఎండ కేసి చూస్తూ కూర్చునేవాళ్ళు. ఇంటి కప్పుల మీద పొగ కాపలావాళ్ళు కూర్చున్నారు. ఎవడైనా చుట్ట కాల్చినా ఈటెలు పట్టుకుని దూకేవాళ్ళు.

ఓబన్న కూతురు చెంగల్వ పురిటికని పుట్టింటికి వచ్చి ఉంది. అల్లుడు సరిహద్దు కాపలాలో ఉన్నాడు. బిడ్డ పుట్టి ఇంకా పురిటిస్నానం కూడా కాలేదు. మాచమ్మ ఏటికి నీళ్ళకు వెళ్ళినప్పుడు పసిది గుక్కపట్టి ఏడ్చింది. చెంగల్వకు పాలు పడలేదు. పడాలంటే కడుపులో ఏదైనా పడాలి కదా! ఆ పిల్ల నాలుగు పుల్లలు ముట్టించి గిన్నెడు జావ కాచుకుంది. లేచిన పొగ తల వెంట్రుకంత. అయినా కాపలావాళ్ళు కొండ మీద కార్చిచ్చు లేచినట్టు అరుచుకుంటూ వచ్చి, జావ గిన్నెతో సహా తల్లీబిడ్డల్ని పట్టుకుపోయారు.

కబురు తెలిసి ఓబన్న పరుగున చెరసాల దగ్గరికి పోయాడు. చువ్వల వెనక చెంగల్వ పసిదాన్ని కొంగులో చుట్టుకుని కూర్చుని ఉంది.

"నాన్నా, పొలిమేర అవతల తాగడానికి నీళ్ళుంటాయా?" అని అడిగింది.

అంతే. ఏడవలేదు, మొర పెట్టుకోలేదు. అది చూసి ఓబన్నకు ఇంకా భయం వేసింది. అటునుంచి అటే రాజుగారి కాళ్ళ మీద పడ్డాడు.

"లే లే. రేపు నా భోజనం అయ్యాక విచారణ జరుపుతాం" అన్నాడు రాజు.

"విచారించేది ఎవరు ప్రభూ?"

"నేనే."

"ఆ శాసనం చేసినవారు?"

"నేనే."

"నేరం మోపింది?"

"నా కాపలావాళ్ళు. అంటే నేనే."

"మరి మా పిల్ల పక్షాన మాట్లాడేది?"

రాజుగారు మీసం మెలిపెట్టాడు. "అవసరమైతే అదీ నేనే!"

"శాస్త్రసమ్మతం!" అన్నాడు సోమనార్యుడు.

ఓబన్న కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వచ్చాడు. మాచమ్మ చల్లారిన పొయ్యి ముందు మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చుంది. అతను అరుగు మీద చతికిలబడి, "రేపు రాజుగారు భోంచేసేదాకా ఏమీ తేలదు మాచీ" అన్నాడు.

"ఆయనేం, చక్కగా భోంచేస్తాడు. మీరూ చక్కగా రుచి చూసి పెట్టండి. నా కూతుర్ని మాత్రం పులికి వేయండి."

"నన్నంటావేం? నేనేం చేశాను?"

"మీరేం చేశారా! రోజూ రాజుకన్నా ముందు తినేది ఎవరు? నా కూతురు గుక్కెడు జావ తాగితే అడవి. మీరు బూరెలు తిని, పులిహోర తిని, మూతి తుడుచుకుని ఇంటికొస్తారు. మీ నోరు నోరు కాదా? మీ ఇద్దరికీ చెరో శాసనం చేశాడా ఆ మీసాలాయన?"

ఓబన్నకు ఒళ్ళంతా చెమటలు కారిపోయి అరుగు కింద మడుగు కట్టింది. శాసనం పుట్టిననాటి నుంచి తను ముద్ద ముద్దకీ నేరం చేస్తూనే ఉన్నాడు, అదీ రాజుగారి ఎదురుగా నిలబడి! విచారణ అంటూ జరిగితే కూతురుకన్నా ముందు పొలిమేర దాటాల్సింది తనే.

ఆ భయంలోంచే, పుట్టలోంచి పాము తల ఎత్తినట్టు, అతనికొక ఆలోచన వచ్చింది. మాచమ్మకు చెప్పడానికి కూడా ధైర్యం చాలలేదు. చెబితే ఎక్కడ మనసు మారిపోతుందోనని.

మర్నాడు భోజనశాలలో కొలువంతా బారులు తీరింది. బంగారు పళ్ళెం చుట్టూ గిన్నెలు కోటగోడలా లేచాయి. ముద్దపప్పు కొండ మీంచి నెయ్యి జలపాతంలా జారింది. వంటలపెద్ద బుక్కన గరిటె పట్టుకుని నిలబడ్డాడు. బిరుదులు చదవడం అయింది. రాజుగారు పీట మీద సర్దుకుని, "ఊఁ, ఓబన్నా" అన్నాడు.

ఓబన్న రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"ఏమిటది? పంటి నొప్పా?"

"నేరం, మహాప్రభూ!" అన్నాడు ఓబన్న వేళ్ళ సందుల్లోంచి. "తమరు మొదటి ముద్ద మింగేదాకా రాజ్యంలో ఏ నోటా ముద్ద దిగరాదు. తమ శాసనం. నాదీ నోరే."

సోమనార్యుడు ముందుకు దూకాడు. "రాజాజ్ఞ అయ్యా ఇది! తినమంటే తినాలి!"

"అదే తెలియక చస్తున్నాను మంత్రిగారూ. ఆ పీట మీద ముగ్గురు ప్రభువులు కూర్చున్నారు. ఒకరు తినరాదని శాసనం చేశారు. ఒకరు తినమని ఆజ్ఞ ఇస్తున్నారు. మూడోవారు తిన్నావా అని అడిగి అడవికి తోలుతారు. ముగ్గురిలో ఎవరికి మొక్కను?"

"ముగ్గురూ నేనే. నిన్ను క్షమించేశాను, తిను!" అన్నాడు రాజు.

"క్షమించడం విచారణ అయ్యాక ప్రభూ. విచారణ తమ భోజనం అయ్యాక. తమ భోజనం నేను రుచి చూశాక. రుచి చూడటం నేరం."

రాజుగారి కుడిమీసం అదిరింది. ఆ మీసం అదిరిననాడు తలలు తెగుతాయని కొలువంతటికీ తెలుసు. ఓబన్నకు అందరికన్నా బాగా తెలుసు.

"అయితే ఇప్పుడే శాసనం మారుస్తున్నాను. రుచి చూసేవాడి నోటికి మినహాయింపు!"

"శాస్త్ర..." అన్నాడు మంత్రి.

"చిత్తం. రేపటికి రాజ్యంలో ప్రతి ఇల్లాలూ రుచి చూసేదే ప్రభూ. మా చెంగల్వ కూడా జావలో ఉప్పు చూసిందంతే."

"ఇతర నోళ్ళకు కాదు! రాజభోజనం రుచి చూసే నోటికి మాత్రమే!"

"చిత్తం. మరి చంటిపిల్లల నోళ్ళో? ఏ నోటా అన్నారు. ఇందాక వస్తుంటే చూశాను. బుల్లి యువరాజావారు దాది ఒళ్ళో కూర్చుని పెరుగన్నం తింటున్నారు. మూతి నిండా మీగడ."

రాజుగారి ముఖం తెల్లబోయింది. ఒక్కగానొక్క కొడుకు. లేకలేక పుట్టినవాడు. ఆ బుల్లి నోరు కూడా తన శాసనంలోనే ఉందని ఆయనకు ఇంతవరకూ తోచలేదు. దిక్కులు చూస్తూ మంత్రి వైపు తిరిగాడు. సోమనార్యుడి గడ్డం మీద సున్నుండ పొడి మెరుస్తోంది.

"సోమనార్యా, అదేమిటి?"

"వి... విభూతి ప్రభూ" అన్నాడు మంత్రి గడ్డం దులుపుకుంటూ. భోజనశాలంతా కమ్మటి నేతి వాసన వచ్చింది.

ఈ లోపల నెయ్యి గడ్డకడుతోంది. అప్పడాలు మెత్తబడుతున్నాయి. రాజుగారి కడుపు మళ్ళీ గాండ్రించింది. గజశాలలో ఏనుగులు ఘీంకరించి జవాబు చెప్పాయి. ఇక ఆగలేక రాజుగారు, "ఎవడూ రుచి చూడక్కర్లేదు. నేనే తింటాను!" అని పప్పన్నం ముద్ద చేతిలోకి తీసుకున్నాడు.

ఓబన్న గుండె ఆగినంత పనైంది. ఆ ముద్ద దిగిందా, భోజనం అయిపోయినట్టే. ఆ తర్వాత విచారణ, ఆ వెనక అడవి.

"అవశ్యం ఆరగించండి ప్రభూ" అన్నాడు. "అనుమానం అక్కర్లేదు. వండిన బుక్కనే రుచి కూడా చూశాడు. ఏం బుక్కనా?"

"ఆహా, నేనే చూశాను! అమృతం ప్రభూ, అమృతం!" అన్నాడు బుక్కన ఉబ్బిపోతూ. అన్నాక గానీ తను ఏం ఒప్పుకున్నాడో తెలియలేదు. గరిటె చేతిలోంచి జారి ఖంగున మోగింది.

ముద్ద రాజుగారి మీసాల దగ్గర ఆగిపోయింది.

"వండినవాడే రుచి చూశాడా? ఎవడు నమ్ముతాడోయ్ ఆ రుచిని!" అని గర్జించాడు రాజు. "వండినవాడి నాలుకకు తన వంటెప్పుడూ అమృతమే. అందులో విషం పడ్డా వాడు చెబుతాడా? వండే చెయ్యి వేరు, రుచి చూసే నాలుక వేరు, తినే నోరు వేరు. మా ముత్తాతల నాటి కట్టడి ఇది. ఆ కట్టడి ఉండబట్టే మా వంశం ఇన్నాళ్ళు నిలిచింది!"

ఓబన్న సాష్టాంగపడ్డాడు. నేల మీద ముఖం ఆనించి అన్నాడు, ముఖం ఎత్తితే మాట రాదని.

"ఆ మాట తమ నోట వినడానికే వచ్చాను తండ్రీ. గిన్నెడు పప్పుకే మూడు కాపలాలు పెట్టారు తమ పెద్దలు. ఒక్క కడుపు తినేది అది. రాజ్యంలో ఉన్న కడుపులన్నీ మింగాల్సింది శాసనం. దాన్ని వండింది తమరే, రుచి చూసింది తమరే, బాగుందన్నదీ తమరే. అందులో ఏం పడిందో తమకెవరు చెబుతారు? మా పిల్ల మింగలేకపోయింది. రేపు యువరాజావారి గొంతులో అడ్డం పడుతుంది."

వింజామరలు వీచేవాళ్ళు వీచడం మరిచారు. ఓబన్న తన మెడ నేలకు ఎంత దూరంలో ఉందో, కత్తి ఎటువైపు నుంచి దిగుతుందో లెక్కలు వేసుకుంటున్నాడు. రాజుగారు చేతిలోని ముద్ద కేసి చూశాడు. ఓబన్న వీపు కేసి చూశాడు. మళ్ళీ ముద్ద కేసి చూశాడు.

అప్పుడు ఆయన కడుపు, పాపం, ఎవరి అనుమతీ అడక్కుండా, కుయ్యిమని పిల్లి కూనలా అరిచింది.

రాజుగారి ఎడమమీసం కదిలింది. కుడిమీసం కదిలింది. ఆ రెండింటి మధ్యలోంచి ఫక్కున నవ్వు వచ్చింది. ఆ నవ్వుకు కోట కప్పు మీది పావురాలు లేచి పొరుగు రాజ్యంలో వాలాయి, ఇప్పటికీ తిరిగి రాలేదు.

"దొంగవెధవా! నా అన్నం నాకు దక్కనీయకుండా నా చేతే తీర్పు చెప్పించావు కదరా! పో, ఆ శాసనం ఈ క్షణాన రద్దు చేస్తున్నాను."

ఓబన్న లేచి చేతులు కట్టుకుని, "క్షమించాలి ప్రభూ, రద్దూ శాసనమే. అదీ ఒక్క చేత్తో వండరాదు" అన్నాడు.

"మరి నా భోజనమో?" అన్నాడు రాజు. ఈసారి ఆ గొంతులో గర్జన లేదు, దీనంగా ఉంది.

భటులు నాలుగు దిక్కులకీ పరిగెత్తారు. పొద్దుట్నుంచీ తిండి లేక ఊళ్ళల్లో పడి ఉన్న పెద్దలు కాళ్ళీడ్చుకుంటూ వచ్చారు. సభామందిరం తాళం తీస్తే గుమ్మడికాయలు దొర్లుకుంటూ బజారున పడ్డాయి. మిగిలిన కాయల మీదే పెద్దలు కూర్చున్నారు. కుమ్మరి పెద్ద ఒకాయన లేచి, "చర్చ చేద్దామా?" అన్నాడు. మిగతావాళ్ళు ఆయన వైపు చూసిన చూపుకు ఆయన మళ్ళీ గుమ్మడికాయ మీద కూలబడ్డాడు. రద్దుకు సభ సరేనంది. రాజుగారు ముద్ర వేశాడు. న్యాయాధికారిని మంచంతో సహా మోసుకొచ్చారు. ఆయన పడుకునే అంతా విని, "సభ గడప తొక్కని శాసనం పుట్టనే లేదు. పుట్టనిదాన్ని మీరడం ఏమిటి? పిల్లను వదలండి. బాలింతకు ముందు జావ పోయండి" అని, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

చెంగల్వ బయటికి రాగానే ఓబన్న పసిదాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ చేతులు ఎంత వణికాయంటే, ఊయలలో ఉన్నాననుకుని పసిది నిద్రపోయింది. అప్పుడు భోజనశాలకు వెళ్ళి పప్పన్నం రుచి చూశాడు. నిలబడ్డాడు. రాజుగారు తిన్నాడు. ఎంత తిన్నాడంటే, గిన్నెలు కడిగేవాళ్ళకు ఆ పూట పని లేకపోయింది.

తిని త్రేన్చి, "ఓబన్నా, ఇవాళ్టి నుంచి నా శాసనాల రుచి కూడా నువ్వే చూడు" అన్నాడు.

ఓబన్న ముఖం పాలిపోయింది. "ఒక్క నాలుకకు రెండు కాపలాలు వద్దు ప్రభూ. ఆ తప్పుకే కదా ఇంత గొడవ! శాసనాల రుచి సభవాళ్ళదీ ముసలాయనదీ. నాకు పప్పు చాలు. దానికే నాడి సరిగ్గా ఆడటం లేదు."

రాజుగారు మళ్ళీ పగలబడి నవ్వి, మెడలోని హారం తీసి ఓబన్న మెడలో వేశాడు. బాలింతకని ఒక పాడిగేదెను తోలించాడు. ఆ గేదె ఎంతదంటే, దాని నీడలో పెళ్ళిపందిరి వేయొచ్చు. మాచమ్మ ఆ సాయంత్రం పొయ్యి రాజేసి, కూతురికి జావ కాచి, మొగుడికి కంచం పెట్టి, "రుచి చూడక్కర్లేదు, తినండి" అంది. ఓబన్న పుట్టి బుద్ధెరిగాక నాడి చూసుకోకుండా తిన్న అన్నం అదేనట.

అదీ సంగతి. ఏమే, ముందు వరసలో నోరు తెరుచుకుని కూర్చున్నదానా, విన్నది చాలు, లే. పెరట్లో మేక తాడు తెంపుకున్నట్టుంది, ఆరేసిన నా చీర కుచ్చిళ్ళు దాటి పైటదాకా నమిలేసి ఉంటుంది. పోయి దాన్ని కట్టేసి, మిగిలిన చీర పట్రా!